మచ్చిక చేసిన బూజు

సత్తిబాబు ఆవకాయ కలుపుకుని అన్నం తింటున్నాడు. వంటింటి గుమ్మానికి ఆనుకుని అతని భార్య తాయారు కళ్లార్పకుండా చూస్తోంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె ఎరిగిన మొగుడు మజ్జిగన్నం, మెత్తగా ఉడికిన సొరకాయ తప్ప ఏదీ సయించని మనిషి. కాస్త కారం తగిలితే పేగులు మండేవి, రక్తం పడేది. కాకినాడ సర్పవరం జంక్షన్లో అతనికి కార్ల రేడియేటర్లు బాగుచేసే షాపు ఉంది. నొప్పి వచ్చిన రోజు పని సగంలో వదిలేసి, షాపు వెనక గోనెపట్టా మీద ముడుచుకుని పడుకునేవాడు.

"ఇంకొంచెం నూనె వెయ్యవే," అన్నాడు.

"చాల్లెండి బాబూ, తొలిసారే జాడీ ఖాళీ చేసేత్తారా ఏంటి?" అంటూనే తాయారు గరిటెతో నూనె వేసింది. ఆమెకు ఏడో నెల.

ఎదురుగా కూర్చున్న అతని అక్క సువర్చల తమ్ముడి కంచం వైపు చూసి చప్పున ముఖం తిప్పుకుంది. ఏడుపు ఆపుకోవడానికి. తమ్ముడు తింటున్న ఆ ముద్దలో ఆమె చదివిన చదువు, చేసిన ఉద్యోగం మొత్తం ఉన్నాయి.

సువర్చల ఊరి చివర ఉన్న ఒక ప్రైవేటు పరిశోధనా కేంద్రంలో సూక్ష్మజీవ శాస్త్రవేత్త. ప్రతి మనిషి ఒంటి మీదా, తల మీదా ఒక రకం బూజు కాపురం ఉంటుంది. చర్మంలో ఊరే నూనెజిడ్డే దాని తిండి. చాలామందికి అది చుండ్రు తప్ప ఇంకో ఇబ్బంది పెట్టదు. సత్తిబాబు లాంటి కొందరిలో మాత్రం అది పేగుల్లోకి దిగి అక్కడే స్థిరపడుతుంది. ఒంట్లోని రక్షక కణాలు దాని పైపొరను గుర్తుపట్టి మీద పడతాయి. బూజు చావదు, పోరు ఆగదు, మధ్యలో పేగు పుండైపోతుంది.

సువర్చల బృందం ఆ బూజు జన్యువుల్లో మార్పు చేసి దాని పైపొరను మార్చింది. మారిన బూజు పేగులోకి వెళ్లి, పాత దాన్ని వెళ్లగొట్టి ఆ చోటు తను ఆక్రమిస్తుంది. రక్షక కణాలు దాన్ని గుర్తుపట్టవు. పోరు ఉండదు, మంట ఉండదు. ఒక్క గొట్టం మాత్ర, జీవితంలో ఒక్కసారి. ల్యాబ్‌లో అందరూ దానికి ముద్దుగా 'సాధు' అని పేరు పెట్టుకున్నారు. ఎక్కడున్నా పోల్చుకోవడానికి వీలుగా, నీలి దీపం కింద పచ్చగా మెరిసే గుణం కూడా దానికి చేర్చారు. తామరకో గజ్జికో జనం వాడే మామూలు ఫంగస్ మందులకు అది చచ్చిపోకుండా ఇంకో గుణం చేర్చారు. ఆ రెండో పని కేంద్రం డైరెక్టర్ డాక్టర్ శశిభూషణ్ ఆలోచన. అప్పట్లో సువర్చలకు అది తెలివైన ఆలోచనగానే కనిపించింది.

ప్రయోగానికి ఒప్పుకున్న రోగుల్లో సత్తిబాబు ఒకడు. కేంద్రంలో పనిచేసేవాళ్ల బంధువులకు మాత్ర ఇవ్వాలా వద్దా అని ఓ పూట చర్చ జరిగింది. చివరికి ఇచ్చారు. పక్క గదిలో కూర్చున్న తాయారు గురించి మాత్రం ఎవరూ చర్చించలేదు.

* * *

తాయారుకు ఆడపిల్ల పుట్టింది. హంసిని అని పేరు పెట్టారు. బారసాల నాడు పిల్లను ముందుగా ఒళ్లోకి తీసుకున్నది మేనత్త సువర్చలే.

సత్తిబాబుకు కొత్త బలం వచ్చింది. పొద్దున్నే షాపుకి వెళ్లేముందు కాళ్లు చాపుకుని కూర్చుని, పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టి, గోరువెచ్చని నువ్వులనూనె తనే పట్టించేవాడు.

"ఆడాళ్ల పని మీకెందుకండీ?" అని తాయారు నవ్వేది.

"నా కూతురి ఒళ్లు నేను కాకపోతే ఇంకెవడు రుద్దుతాడే?" అనేవాడు. అరచేతుల నిండా నూనె తీసుకుని, మాడు మీద, వీపు మీద, బొద్దు తొడల మీద రాసేవాడు. పిల్ల కేరింతలు కొట్టేది.

రెండో నెల నిండకుండానే హంసినికి జ్వరం వచ్చింది. సిరప్‌లకు తగ్గలేదు. పాలు తాగడం మానేసింది. ఒక ఉదయం పిల్ల పెదవులు నీలంగా మారేసరికి తాయారు ఒళ్లో వేసుకుని ఆటోలో పెద్దాసుపత్రికి పరుగెత్తింది. పసిపిల్లల వార్డులో డాక్టర్ జోసఫిన్ పిల్లను చూసి వెంటనే ఆక్సిజన్ పెట్టించింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము, రక్తంలో ఏదో ఇన్ఫెక్షన్. ఏమిటన్నది మాత్రం తెలియడం లేదు. రక్తాన్ని ల్యాబ్ పళ్లెంలో ఎన్నిసార్లు పెంచి చూసినా ఏమీ మొలవడం లేదు.

కబురు తెలిసి సువర్చల వచ్చింది. గాజు పెట్టెలో పిల్ల చాలా చిన్నదిగా కనిపించింది. చేతికి రెండు గొట్టాలు. ఒకదానిలోంచి పాలలాంటి తెల్లటి ద్రవం బొట్టు బొట్టుగా దిగుతోంది.

"అదేంటి డాక్టర్?"

"కొవ్వు డ్రిప్ అండి. పాలు తాగట్లేదు కదా, బలానికి."

సువర్చల ఆ గొట్టం దగ్గరికి నడిచింది. నూనె జిడ్డు తిని బతికే ప్రాణి ఒకటి ఆమెకు బాగా తెలుసు.

"ముందు అది ఆపండి," అంది. "దయచేసి ఇప్పుడే ఆపండి. మీ ల్యాబ్‌లో పాప రక్తం ఇంకా ఉంటే నాకు ఒక్క చుక్క కావాలి."

ఆస్పత్రి ల్యాబ్‌లో ఆమె మామూలు పళ్లెంలో ఆలివ్ నూనె చుక్క వేసి దాని మీద ఆ రక్తం పూసింది. నూనె లేనిదే ఈ జాతి మొలవదు. అందుకే ఇన్నాళ్లూ వాళ్లకు ఏమీ కనిపించలేదు. వెచ్చని పెట్టెలో పెట్టి వేచి చూశారు. నూనె చుక్క చుట్టూ మీగడ రంగు చుక్కలు తేలాయి.

తన సంచిలోంచి నీలి దీపం తీసి, గది కిటికీ తెర దించి, పళ్లెం మీద వెలుగు వేసింది. చుక్కలన్నీ పచ్చగా మెరిశాయి.

"ఏంటిది?" అంది డాక్టర్ జోసఫిన్.

సువర్చల పళ్లెం ఇంకా దగ్గరికి తీసుకుంది. ఇలా మెరిసే బూజు ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. తను చేసింది. తమ్ముడి పేగులోంచి చర్మానికి, చర్మం నుంచి అరచేతులకు, అరచేతుల నుంచి నూనెతో పాటు పిల్ల ఒంటికి. పెద్దవాళ్ల శరీరం పుట్టిన దగ్గర నుంచీ మార్పు చెయ్యని అడవి బూజుతో తలపడి తలపడి ఆరితేరి ఉంటుంది. వాళ్ల చర్మం మీద సాధు ఊరకే కూర్చుంటుంది. ఈ పసిదాని శరీరం మొట్టమొదట చూసిన బూజే సాధు. దాన్ని శత్రువని గుర్తుపట్టే దారి లేదు. అది ఎక్కడికి పోవాలనుకుంటే అక్కడికి పోయింది.

"మామూలు ఫంగస్ మందు మొదలుపెట్టనా?" అని అడిగింది డాక్టర్.

"పనిచెయ్యదు," అంది సువర్చల. "పనిచెయ్యకుండా మేమే చేశాం."

కారణం అడిగే వ్యవధి లేదు. డాక్టర్ జోసఫిన్ మిగిలిన ఒకే ఒక్క పాత మందు తెప్పించడానికి వెళ్లింది. అది బూజునూ చంపుతుంది, కిడ్నీలనూ దెబ్బతీస్తుంది.

* * *

వార్డు బయట బెంచీ మీద తాయారు కూర్చుని ఉంది. సువర్చల ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఏదీ దాచకుండా మొత్తం చెప్పింది. తాయారు మధ్యలో ఒక్కసారి కూడా ఏడవలేదు.

"ఆయనకి ఆ మాత్ర మింగించిన నాటికి నాకు మూడో నెల," అంది చివరికి. "మీకు తెలుసా, తెలీదా వదినా?"

"తెలుసు."

"పక్క గదిలోనే కూర్చున్నాను. నా చేత కాఫీ కూడా తాగించారు. ఆయన చేత సంతకాలు పెట్టించుకున్నారు. మరి నన్నెవరడిగారండి? ఆ మాత్ర నా ఇంట్లోకి, నా మంచం మీదకి, నా పిల్ల ఒంటి మీదకి వత్తాదని నాకెవరు చెప్పారు?"

"అలా పాకుతుందని నాకూ తెలీదు తాయారూ."

"తెలుసుకోవాలి కదండి! అంత చదువు దేనికి మరి?" తాయారు గొంతు వార్డంతా వినిపించింది. అటుగా వెళ్తున్న నర్సు ఆగిపోయింది. "లోపలికి రాకండి. నా పిల్లని ముట్టుకోకండి. మీ చేతులు చూత్తేనే నాకు ఒళ్లు మండిపోతంది."

సత్తిబాబు గోడకు ఆనుకుని అంతా విన్నాడు. అక్కణ్నుంచే షాపుకు వెళ్లిపోయాడు. రేడియేటర్ల తుప్పు వదిలించే కాస్టిక్ సోడా నీళ్లలో మోచేతుల దాకా ముంచి, ఇనుప బ్రష్‌తో తోముకున్నాడు. పక్క షాపు వాళ్లు చూసి లాక్కొచ్చేసరికి అరచేతుల మీద చర్మం లేచిపోయి నెత్తురు కారుతోంది.

* * *

శశిభూషణ్ గదిలోకి సువర్చల తలుపు కొట్టకుండానే వెళ్లింది. పళ్లెం ఆయన బల్ల మీద పెట్టి దీపం వేసింది.

"ఇది మా పాప రక్తం సార్."

ఆయన ఆ పచ్చటి మెరుపు చూశాడు. ఆశ్చర్యపోలేదు. ఆ ఆశ్చర్యపోకపోవడమే ఆమెకు మొదట కొట్టొచ్చినట్టు కనిపించింది.

"ఎలుకల మీద పరీక్షించినప్పుడు, పిల్లలున్న ఎలుకల్ని చూశామా సార్?"

"చూశాం," అన్నాడు ఆయన నెమ్మదిగా. "నువ్వప్పుడు శిక్షణకని హైదరాబాద్‌లో ఉన్నావు. కొన్ని పిల్లలు చచ్చిపోయాయి. ఎలుక పిల్లలు వేరే కారణాలకి కూడా చస్తాయి సువర్చలా. మనం అనుమతి అడిగింది పెద్దవాళ్లకి. పసిపిల్లలకి మాత్ర ఇస్తామని ఎవరూ అనలేదుగా. అందుకని ఆ పరీక్ష అక్కడితో ఆపించాను."

"మాత్ర మింగినవాళ్లకి చేతులుంటాయి కదా సార్! వాళ్లకి ఇళ్లుంటాయి. ఇళ్లలో పిల్లలుంటారు!"

"అరవకు. ఇలా చూడు." ఆయన తన రెండు చేతులూ దీపం కిందికి చాపాడు. వేళ్ల సందుల్లో, గోళ్ల అంచున సన్నని పచ్చటి గీతలు మెరిశాయి. "నా చేతుల మీదా ఉంది. నీ చేతుల మీదా ఉంటుంది. ఈ భవనంలో అందరి మీదా ఉంది. ఎవరికైనా ఏమైనా అయిందా? ఇవాళ ఎంతమంది కడుపు నిండా అన్నం తింటున్నారో చూడు. నీ తమ్ముడితో సహా. ఎక్కడో ఒక్క కేసు పట్టుకుని..."

"ఆ ఒక్క కేసు పేరు హంసిని."

"నీ బాధ అర్థమైంది. కమిటీ వేద్దాం. నిదానంగా పరిశీలిద్దాం. ఇప్పుడు బయటికి పొక్కితే జనం బెంబేలెత్తిపోతారు. మంచి మందు చచ్చిపోతుంది."

సువర్చల తన చేతుల వంక చూసుకుంది. ఆ నీలి వెలుగు అంచున తన వేళ్లు కూడా మెరుస్తున్నాయి. బారసాల నాడు ఆ వేళ్లతోనే పిల్ల బుగ్గ నిమిరింది. ఆమెకు కోపం ముంచుకొచ్చింది. ఈయన మీద, ఈ భవనం మీద, సాధు అని ముద్దుపేరు పెట్టుకుని మిఠాయిలు పంచుకున్న ఆ రోజు మీద.

"జనం భయపడతారని కాదు సార్ మీ భయం," అంది. "మీకు మీ మందు కావాలి. అంతే. పిల్ల ఎలుకలు చచ్చినప్పుడు మీరు నోరు మూసుకున్నారు. మా పిల్ల చచ్చినా మూసుకునే ఉంటారు."

దీపం, పళ్లెం తీసుకుని బయటికి వచ్చింది. మెట్లు దిగుతూనే డాక్టర్ జోసఫిన్‌కి ఫోన్ చేసి, జిల్లాలో పసిపిల్లలను చూసే ప్రతి ఆస్పత్రికీ చెప్పాల్సింది చెప్పమంది. రక్తం పళ్లెంలో నూనె చుక్క వెయ్యండి, కొవ్వు డ్రిప్ ఆపండి, ఇంట్లో ఎవరైనా పేగుల మాత్ర తీసుకున్నారేమో అడగండి. తర్వాత ఒక పత్రిక ఆఫీసుకు వెళ్లి, తన పేరుతోనే మొత్తం చెప్పింది. ఆ వారంలోనే తునిలో ఒక పిల్లవాడికి, మండపేటలో కవలలకు ఇదే సోకినట్టు బయటపడింది. కవలల్లో ఒకడు అప్పటికే పోయాడు.

* * *

హంసిని బతికింది. ఆ పాత మందు ఎక్కినన్నాళ్లూ వణికిపోయింది. ఉచ్చ రావడం తగ్గిపోయింది, ఒళ్లు వాచింది, మళ్లీ తేరుకుంది. కిడ్నీలు పూర్తిగా కోలుకుంటాయో లేదో పెద్దయ్యాకే తెలుస్తుందని డాక్టర్ జోసఫిన్ చెప్పింది. తాయారు తలూపి, పిల్లను పొదివి పట్టుకుంది.

ఇంట్లో మిగతావాళ్ల చర్మం మీది బూజు, పైపైన మాత్రమే వాడగలిగే వేరే రకం మందు కలిపిన సబ్బుతో, లేపనంతో పోతుంది. మాత్ర మింగిన మనిషి పేగులో మాత్రం సాధు వేళ్లూనుకుని ఉంటుంది. అతను బాగా ఉన్నంతకాలం ఇంటికి అది పంచుతూనే ఉంటాడు. దాన్ని తీసెయ్యాలంటే ఆ పాత మందే డ్రిప్‌లో ఎక్కించాలి. తీసేస్తే పాత అడవి బూజు మళ్లీ వచ్చి చేరుతుంది. పాత జబ్బు కూడా.

"నేను వేరే ఊళ్లో ఉంటే సరిపోదా అక్కా?" అని సత్తిబాబు అడిగాడు. చేతులకు ఇంకా కట్లు ఉన్నాయి.

"అక్కడ ఇంకొకరి పిల్లలుంటారు రా."

అతను ఆస్పత్రిలో చేరి, చలిజ్వరంతో పళ్లు కొరుక్కుంటూ మందు ఎక్కించుకున్నాడు. వానాకాలం దాటకముందే మళ్లీ కడుపులో మంట మొదలైంది. ఒకరోజు మజ్జిగన్నం తిని, పెరట్లోకి వెళ్లి, తిరిగొచ్చి ఏమీ జరగనట్టు కూర్చున్నాడు. తాయారు అతని ముఖం చూసి అర్థం చేసుకుంది.

ప్రభుత్వం నియమించిన కమిటీ రెండుసార్లు కూర్చుని లేచింది. మాత్ర ఇవ్వడం ఆపారు. మింగినవాళ్ల సంగతి ఏంటన్నది తేల్చలేదు. శశిభూషణ్ డైరెక్టర్ పదవి వదిలి అదే కేంద్రానికి సలహాదారు అయ్యాడు. సువర్చల రాజీనామా చేసింది. మాత్ర ఎవరెవరికి ఇచ్చిందో ఆమెకు తెలుసు, స్వయంగా చేతుల్లో పెట్టింది కాబట్టి. ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పాలని బయల్దేరింది.

సత్తిబాబు తన మారుతి వ్యాను తీశాడు. తాయారు, పిల్లను తన తల్లి దగ్గర వదిలి, వ్యాను వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. ఆస్పత్రి తర్వాత వదినతో ఆమె మాట్లాడడం అదే మొదలు.

"మీరు చదువుకున్నోళ్లు. మెత్తగా చెబుతారు," అంది. "మెత్తగా చెబితే ఎవరికీ ఎక్కదు. నేనూ వత్తాను."

* * *

పెద్దాపురంలో పేర్రాజు మాస్టారి ఇల్లు. ఆయన లెక్కల టీచరుగా రిటైరైన మనిషి. సువర్చలను చూడగానే లేచి చేతులు జోడించాడు.

"రండి డాక్టరమ్మా! మీ చలవ వల్ల నిన్న పులసపులుసు తిన్నానండి. మా ఆవిడ పోయేదాకా నన్ను చూసి ఏడుస్తూనే ఉండేది, ఈయన ఏదీ తినలేడని. ఝాన్సీ, మంచినీళ్లు తీసుకురా అమ్మా!"

లోపలి నుంచి కోడలు ఝాన్సీ నీళ్లు తెచ్చింది. ఆమెను చూడగానే తాయారు మెడ తిరిగింది. ఝాన్సీ నిండు చూలాలు.

సువర్చల చెప్పవలసింది చెప్పడం మొదలుపెట్టింది. రెండు మాటలయ్యేసరికి మాస్టారి ముఖం మాడిపోయింది.

"పేపర్లో చదివానండి అదంతా. ప్రతి మందుకీ వెయ్యి చెబుతారు. పదహారేళ్లు నరకం చూశాను నేను. క్లాసు మధ్యలో బోర్డు దగ్గర నుంచి పరుగెత్తేవాణ్ని, పిల్లలు నవ్వేవాళ్లు. మీరే ఇచ్చారు, మీరే లాక్కుంటారా? ఆస్పత్రికి నేను రాను."

"మీ కోడలు గారికి..."

"మా కోడలు సుబ్బరంగా ఉంది. మీరు వెళ్లండి."

"మెత్తగా చెప్పకండన్నానా?" అని తాయారు ముందుకు వచ్చింది. "మాస్టారూ, నా పిల్ల ఒంట్లోంచి తీసిన రక్తంలో ఈ బూజు మొలిచిందండి. రెండు నెలలు నిండని పిల్ల. మా ఆయన చేతులతో నూనె రాశాడు. మీరు రేపు మనవణ్ని ఎత్తుకోరా? ముద్దు పెట్టుకోరా?" సువర్చల చేతిలోంచి దీపం లాక్కుని, ఝాన్సీ వైపు తిరిగింది. "చేతులియ్యండమ్మా."

ఝాన్సీ మామగారి వంక చూసింది. తర్వాత లోపలి గది చీకటిలోకి వెళ్లి నిలబడి, రెండు చేతులూ చాపింది. గోళ్ల కింద, మణికట్టు మడతలో, మెడ దగ్గర తాళి ఒరుసుకునే చోట పచ్చగా మెరిసింది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. మళ్లీ దీపం కింద పెట్టింది. పోలేదు.

"ఇది నాకు పోతుందా?"

"మీకు పోతుంది," అంది సువర్చల. "మందు సబ్బు, లేపనం ఇస్తాను. ఆయనకు తియ్యకపోతే మళ్లీ వస్తుంది."

ఝాన్సీ బయటికొచ్చింది. మొహం ఎర్రగా కందిపోయింది.

"ఆ మాత్ర మింగేముందు నాకో మాట చెప్పారా మావయ్యగారూ?"

"నాకు తెలీదమ్మా," అన్నాడు మాస్టారు. "ఒట్టు. నాకు తెలీదు."

"ఇప్పుడు తెలిసిందిగా."

మాస్టారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. గుమ్మంలో నిలబడ్డ సత్తిబాబు వైపు చూశాడు. లోతుకు పోయిన అతని కళ్లు, వదులైన చొక్కా, ఒక చెయ్యి పొట్ట మీద ఆనించి నిలబడ్డ తీరు ఆయనకు బాగా తెలిసినవే.

"నువ్వు తీయించేసుకున్నావా బాబూ?"

"తీయించేసుకున్నానండి."

"మళ్లీ మొదలైందా?"

"మొదలైందండి." సత్తిబాబు అబద్ధం చెప్పే ప్రయత్నం చెయ్యలేదు. "మజ్జిగన్నమే తింటున్నానండి."

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. ఒక నిట్టూర్పు, దాని వెనకే పచ్చి బూతు ఒకటి ఆ పెద్దమనిషి నోట్లోంచి వచ్చింది. అది ఎవరిని ఉద్దేశించి అన్నాడో సువర్చలకు తెలుసు. తల దించుకోలేదు, ఆయన కళ్లు తెరిచేదాకా ఎదురుగానే నిలబడింది. ఆయన లేచి కొక్కేనికి తగిలించిన చొక్కా తీసుకున్నాడు. తొందరలో బొత్తాలు తప్పు కాజాల్లో పడుతున్నాయి. అలవాటుగా ఝాన్సీ సాయం చెయ్యబోయింది.

"వద్దమ్మా," అన్నాడు ఆయన గట్టిగా. "దూరంగా ఉండు."

బొత్తాలు సగం పెట్టుకునే మెట్లు దిగి, వ్యాను ఎక్కి, సత్తిబాబు పక్కన కూర్చున్నాడు.